జెనీవా పొయ్యి అంటుకోని రోజు

ఆ గురువారం ఉదయానికి ఆర్డిస్ వేసుకున్న పథకం చిన్నదే. చీకటితో లేవాలి. రాత్రి కలిపి మూత పెట్టిన పిండిలో దాల్చినచెక్క పొడి, చక్కెర చల్లి తీపి రొట్టె చుట్టలు చుట్టి కాల్చాలి. వాటిని ఎదురు ట్రైలర్‌లో, అంటే ఎదురుగా ఉన్న చక్రాల ఇంట్లో, ఉండే జెనీవా వీడ్కోలు కాఫీకి పట్టుకెళ్ళాలి. అక్కడ ఏడవకుండా ఒక చుట్ట తినాలి, ఏడవకుండా చెయ్యి ఊపాలి, ఇంటికొచ్చాక పళ్ళాలు కడుగుతూ తీరిగ్గా ఏడవాలి.

చుట్టలు బాగానే పొంగాయి. పథకమే నిలబడలేదు. పొయ్యి ముందు నిలబడి కిటికీలోంచి ఎదురు ట్రైలర్ వైపు చూసేసరికి ఆర్డిస్‌కు పళ్ళాలు కడిగేదాకా ఆగే ఓపిక లేదని తేలిపోయింది. ఈసారి జెనీవా వెళ్ళడం ఏటా చలికాలం ఇక్కడ గడిపి వెళ్ళినట్టు కాదు. ఐడహోలో ఆమె చెల్లెలు వెల్డా మెట్లు లేని ఇల్లు చూసింది, అక్కకు ఒక గది సర్దింది, ఆ ట్రైలర్‌ను ఇంక అమ్మిపారేయమంది. అంటే వచ్చే చలికాలం ఆ కిటికీలోంచి చూస్తే జెనీవా ఉండదు.

ఆర్డిస్ తన బతుకులో చాలామందికి చెయ్యి ఊపింది. "నవంబర్‌లో కలుద్దాం" అని నవ్వుతూ వెళ్ళినవాళ్ళలో కొందరి చోట నవంబర్ వచ్చేసరికి వేరే ట్రైలర్ నిలబడి ఉండేది. అందులోంచి ఎవరో కొత్తవాళ్ళు దిగి, పలకరించి, మీ దగ్గర సుత్తి ఉందా అని అడిగేవారు. ఆర్డిస్ సుత్తి ఇచ్చేది. ఎవరి చోట నిలబడి అడుగుతున్నారో మాత్రం చెప్పేది కాదు.

ఒక్క రోజు చాలు అనుకుంది. గురువారం సాయంత్రం వాళ్ళిద్దరికీ పేకాట రోజు. ఇంకొక్క ఆట, ఇంకొక్క సాయంత్రం. అంతకంటే ఎక్కువ అడగడం లేదు కదా అని దేవుడికి సర్దిచెప్పింది. దేవుడు అడ్డు చెప్పకపోవడంతో ఆలోచన ముందుకు సాగింది.

ఆ అరిజోనా ఎడారిలో, గుర్రపునాడాలా బండ్లు నిలుపుకున్న ఆ ముసలివాళ్ళ బిడారులో, ఒక ఆచారం ఉంది. వెళ్ళిపోయేవాళ్ళు తమ పొయ్యి మీద, తమ కెటిల్‌లో కాఫీ కాచి అందరికీ పోయాలి. పోశాకే బండి కదలాలి. ఒకే ఒక్కడు, నెబ్రాస్కా నుంచి వచ్చిన పెద్దమనిషి, తొందరలో ఉన్నానంటూ కాఫీ పోయకుండా బయల్దేరాడు. ఊరి పొలిమేర దాటకుండానే అతని ట్రైలర్ చక్రం ఊడి, అతనికంటే ముందు రోడ్డు మీద వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఆ ఆచారాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు. అక్కడ కరెంటు స్తంభం లేదు. వంటకీ, వేణ్ణీళ్ళకీ, గది వెచ్చదనానికీ, ఆఖరికి ఫ్రిజ్ చల్లదనానికీ గ్యాసే దిక్కు. గ్యాస్ కట్టేస్తే పొయ్యి అంటుకోదు. పొయ్యి అంటుకోకపోతే కాఫీ లేదు. కాఫీ లేకపోతే ప్రయాణం లేదు.

భర్త నార్బర్ట్ ఇంకా గురక పెడుతున్నాడు. ఆర్డిస్ అతని కోటు తొడుక్కుని, చెప్పులు చేత్తో పట్టుకుని, ఇసుకలో అడుగులో అడుగు వేసుకుంటూ జెనీవా ట్రైలర్ ముందు భాగానికి వెళ్ళింది. సిలిండర్ మీది ప్లాస్టిక్ మూత ఎత్తి, లోపల చెయ్యి పెట్టి, పిడి పట్టుకుని తిప్పింది. అది కదల్లేదు.

గ్యాస్ వ్యవహారం అంతా నార్బర్ట్‌ది. ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో అతనికి ఎలా తెలియదో, సిలిండర్ ఎటు తిప్పితే మూసుకుంటుందో ఆమెకు అలా తెలియదు. ఇటు తిరగకపోతే అటు తిరుగుతుంది కదా అని అటు తిప్పింది. వెన్నలో చెంచాలా గిర్రున తిరిగింది. దొరికిందే అదను అని ఆపకుండా చివరిదాకా తిప్పేసింది. గొట్టం మొదట్లో ఎక్కడో 'టక్' మని చిన్న చప్పుడైంది. అది మూసుకున్న చప్పుడే అనుకుని, తేలికపడ్డ మనసుతో ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు చుట్టల మీద చక్కెర పాకం పోసింది.

ఎండ పడేసరికి జనం మడత కుర్చీలు, ఎవరి కప్పు వాళ్ళు పట్టుకుని జెనీవా గుమ్మం ముందు చేరారు. జెనీవా మొహం కడుక్కుని, ఎర్ర స్కార్ఫ్ కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆమె ఇంకా పొయ్యి దగ్గరకు వెళ్ళనేలేదు.

"ఏమోనర్రా, ఇవాళ పొయ్యి అంటుకుంటుందో లేదో" అంది.

ఎందుకంత అనుమానమో అడగాలని ఎవరికీ తోచలేదు. ఆర్డిస్‌కైతే మరీ తోచలేదు. ఆమె పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళి, మొహంలో దిగులు పెట్టుకుని, జెనీవా పక్కన నిలబడింది. జెనీవా లైటర్ నొక్కింది. పొయ్యి మీద చిక్కుడు గింజంత నీలం మంట లేచింది. వణికింది. ఆరిపోయింది.

"ఇదెక్కణ్ణుంచి వచ్చిందే" అంది జెనీవా, దెయ్యాన్ని చూసినదానిలా.

ఆర్డిస్‌కూ అదే సందేహం. కట్టేసిన గ్యాస్‌కు గింజంత మంట కూడా రాకూడదు. గొట్టంలో మిగిలిన పాత గ్యాస్ అయి ఉంటుందిలే అని తనకు తాను సర్దిచెప్పుకుంది. మంట నిలవలేదన్న సంగతి గుమ్మం దాటి బయటికి పాకింది. కుర్చీల్లో కూర్చున్న మగవాళ్ళ మొహాలు ఒక్కసారిగా వికసించాయి. ఆ ఎడారిలో ముసలి మగవాడికి ఇంకొకరి బండి పాడవడానికి మించిన పండగ లేదు.

ముందు లేచినవాడు డ్వేన్. ఐయోవాలో బడిపిల్లలకు బూరలు ఊదడం నేర్పి రిటైరయ్యాడు. పట్టపగలు కూడా నుదుటికి దీపం కట్టుకుని తిరుగుతాడు. అతని వెనకే ఎల్డన్ లేచాడు. ఎల్డన్‌కు లోకంలోని యంత్రాలన్నీ సాలెపురుగుల వల్లే పాడవుతాయని నమ్మకం. గ్యాస్‌లో కలిపే కంపు సాలెపురుగులకు ఇష్టమనీ, అవి మంట గొట్టంలో దూరి గూడు పెడతాయనీ, ఏ ట్రైలర్ చెడినా ముందు అదే చూడాలనీ అతని వాదన. డ్వేన్‌కు సాలెపురుగుల మీద నమ్మకం లేదు. ఫ్రిజ్ వెనక ఉండే పచ్చ సర్క్యూట్ పలక మీద నమ్మకం. ఫ్రిజ్ చెడి మిగతావాటి గ్యాస్ లాగేస్తోందని అప్పటికప్పుడు తేల్చేశాడు.

"ముందు సిలిండర్ చూసి వస్తా" అని డ్వేన్ బయటికి వెళ్ళాడు.

ఆర్డిస్ చేతిలోని పళ్ళెం పొయ్యి పక్కన పెట్టేసింది. మూసి ఉన్న పిడి చూస్తాడు, తిప్పుతాడు, పొయ్యి వెలుగుతుంది, కాఫీ కాగుతుంది, అంతే సంగతులు. పథకం అర్ధగంటకు కూడా నిలవలేదని నీరుగారిపోయింది. అంతలో డ్వేన్ తల గుమ్మంలోకి పెట్టాడు.

"సిలిండర్‌లో ఏ లోపమూ లేదు. పిడి బార్లా తెరిచే ఉంది."

"తెరిచుందా?" అన్నారు ఆర్డిస్, జెనీవా ఒకేసారి.

ఇద్దరి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు. తన రోగనిర్ణయం ఆడవాళ్ళను ఇంతగా కదిలించిందని డ్వేన్ ఉప్పొంగిపోయాడు. వెంటనే ఫ్రిజ్ విప్పడానికి అనుమతి ఇచ్చినట్టే భావించి పని మొదలుపెట్టాడు. ఎల్డన్ పొయ్యి మీది ఇనుప జాలీలు తీసి మంచం మీద పేర్చాడు.

ఆర్డిస్‌కు బుర్ర తిరిగిపోయింది. తన చేత్తో చివరిదాకా మూసిన పిడి బార్లా ఎలా తెరుచుకుంది. దేవుడు నిజంగానే అడ్డు చెబుతున్నాడేమోనని భయపడింది. మరుక్షణమే, దేవుడికి అంత తీరిక ఉంటే నెబ్రాస్కా ఆయన చక్రమే పట్టుకునేవాడు కదా అని ధైర్యం తెచ్చుకుంది. చుట్టల మీదికి ఇంకాస్త పాకం తెస్తానని చెప్పి బయటపడింది. భర్త కోటు కప్పుకుని, ట్రైలర్ ముందుకు చేరి, మూతెత్తి, పిడిని ఇందాక తిప్పినట్టే తిప్పబోయింది. కదల్లేదు. రెండోవైపు తిప్పితే హాయిగా తిరిగింది. ఈ పిడి తనను వేళాకోళం చేస్తోందని తిట్టుకుంటూ చివరిదాకా తిప్పింది.

ఆమె వెనక్కి వచ్చేసరికి లోపల గొడవ. ఎల్డన్ సన్న కుంచెతో పొయ్యి గొట్టం తుడిచి, సాలెగూడు పోగు ఒకటి పట్టుకుని విజయగర్వంతో చూపించి, లైటర్ నొక్కాడట. ఆ కాస్త చిక్కుడు గింజ కూడా రాలేదట.

"ఉన్న మంటను కూడా చంపేశావు కదయ్యా" అన్నాడు డ్వేన్.

"నేను చంపలేదు. పురుగు చంపింది. నేను శవాన్ని తీశాను" అన్నాడు ఎల్డన్.

ఫ్రిజ్ వెనక తలుపు ఊడి ఇసుకలో పడి ఉంది. ఫ్రిజ్‌లోని వెన్న, గుడ్లు, ఊరగాయ దోసకాయలు ఆర్డిస్ చేతుల మీదుగా బయటి బల్ల మీదికి వచ్చాయి. ఇంకెవరో ముసలాయన నీళ్ళు కాచే హీటర్ కూడా విప్పమంటారా అని ఆశగా అడిగాడు. జెనీవా మాత్రం అయ్యో, కాఫీ గరిటె బయటి పెట్టెలో ఉండిపోయింది అని గొణుక్కుంటూ బయటికి నడిచింది. కాసేపటికి తిరిగొచ్చింది. చేతిలో గరిటె లేదు.

సరిగ్గా అప్పుడే డ్వేన్ ఒక చెంచా తీసుకుని ఫ్రిజ్ ఇనుప పెట్టె మీద గట్టిగా కొట్టాడు. ఎల్డన్ చేతిలో లైటర్ ఉంది. పొయ్యి మీద చిక్కుడు గింజ మళ్ళీ మొలిచింది.

బయట కుర్చీల్లో చప్పట్లు మోగాయి. డ్వేన్ వంగి నమస్కరించాడు. పిల్లలకు బూరలు నేర్పినవాడికి ఏది ఎక్కడ కొడితే మోగుతుందో తెలియదా అన్నాడు. ఇంకో నాలుగు దెబ్బలు పడితే మంట నిండుగా వస్తుందనీ, కెటిల్‌లో నీళ్ళు పోసి ఉంచమనీ జెనీవాకు చెప్పాడు.

నీళ్ళు పోయమనడం వినగానే ఆర్డిస్ కాళ్ళు మళ్ళీ బయటికి దారి తీశాయి. ఈసారి ఏ సాకూ దొరకలేదు. తుమ్ము వచ్చినట్టు నటిస్తూ వెళ్ళిపోయింది. పిడి మళ్ళీ తెరిచి ఉంది. ఇటు తిరగలేదు, అటు తిరిగింది. తిప్పేసింది. లోపల మంట చచ్చింది. డ్వేన్ చెంచా వదిలేసి పట్టకారు అందుకున్నాడు. ఫ్రిజ్ అడుగున ఉండే రాగి గొట్టం ఆ దెబ్బలకు ఒక పక్కకు వంగింది. అతను దాన్ని సరిచేయబోయి రెండో పక్కకు వంచాడు. ఆ తర్వాత పరిశీలన కోసమని ఊడదీసి ఎండలో పెట్టాడు.

జెనీవా రెండు చేతులతో చెంపలు పట్టుకుని నిలబడింది.

"ఒరేయ్ డ్వేన్, అది నా ఫ్రిజ్‌రా. పట్టుకొచ్చిన చేప కాదు, పొట్ట చీరడానికి" అంది.

"నువ్వు కాసేపు గాలికి తిరిగి రా అమ్మాయ్. రోగి బంధువులు ఆపరేషన్ గదిలో ఉండకూడదు" అన్నాడు డ్వేన్.

జెనీవా గాలికి తిరగడానికి వెళ్ళింది. గుమ్మం దగ్గర ఆర్డిస్, జెనీవా ఒకరినొకరు రాసుకుంటూ దాటారు. ఇద్దరూ ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడలేదు. స్నేహితురాలి కళ్ళు తడిగా ఉన్నాయని ఆర్డిస్ గమనించింది. బండి మీద అంత మమకారం ఉందనుకుంది. అప్పుడు మొదటిసారి ఆమెకు సిగ్గేసింది. ఒక్క సాయంత్రం పేకాట కోసం నా నేస్తం ఇంటి పేగులన్నీ ఎండలో ఆరేయించాను అనుకుంది. చెప్పేద్దామనుకుంది. ఎలా మొదలుపెట్టాలో వెతుక్కుంటూ ఉండగానే అలారం మోగింది.

అది ట్రైలర్ గోడ అడుగున, చీలమండ ఎత్తులో ఉండే గ్యాస్ అలారం. ఇంత చిన్న పెట్టెలోంచి అంత కేక ఎలా వస్తుందో ఎవరికీ అర్థం కాదు. పొయ్యి మీటలన్నీ ఎల్డన్ తెరిచి వదిలేశాడు. ఫ్రిజ్ గొట్టం ఊడి ఉంది. ఎక్కణ్ణుంచో గ్యాస్ సన్నగా, నిదానంగా, ఎవరినీ అడక్కుండా లోపలికి పారుతోంది. కుళ్ళిన గుడ్డు వాసన గుమ్మం దాటింది. జనం కుర్చీలు వదిలి పరుగెత్తారు. కొందరు కప్పులు వదల్లేదు. ఎవరూ నిప్పు ముట్టించొద్దని ఎవరో అరిచారు. డ్వేన్ నుదుటి దీపం ఆర్పాలో వద్దో తేల్చుకోలేక దాన్ని చేత్తో మూసుకుని పరుగెత్తాడు.

కాసేపటికి పైన ఆకాశంలో రెండు రాబందులు కనిపించాయి. తర్వాత ఇంకొన్ని. జెనీవా ట్రైలర్ మీద నెమ్మదిగా చుట్టూ తిరగసాగాయి.

ఈ హడావుడిలో కుర్చీ కదల్చని మనిషి ఒక్కడే. నార్బర్ట్ తన గుమ్మం ముందు, జెనీవా ట్రైలర్ ముక్కుకు ఎదురుగా, పొద్దుటినుంచీ కూర్చునే ఉన్నాడు.

"గ్యాస్ కంపు వాటికి చచ్చిన గొడ్డు వాసన. బండి పోయిందని కబురందినట్టుంది" అన్నాడు పైకి చూస్తూ.

ఆ మాట ఎవరికి వినిపించిందో గాని ఆర్డిస్‌కు వినిపించలేదు. ఆమె మనసులో ఒక్కటే నడుస్తోంది. గ్యాస్ పారుతోందంటే పిడి మళ్ళీ తెరుచుకుంది. ఎలా తెరుచుకున్నా సరే, దాన్ని మూయాలి. కోటు అంచులు ఎత్తి పట్టుకుని, ఆ వయసులో పరుగనదగ్గది ఏదో చేస్తూ ట్రైలర్ ముందుకు చేరింది. మూత కింద చెయ్యి పెట్టింది. అక్కడ అప్పటికే ఇంకో చెయ్యి ఉంది. ముడతలు పడి, ఉంగరం వదులైన చెయ్యి.

రెండోవైపు నుంచి వంగి, ఎర్ర స్కార్ఫ్ ఊడిపోయి, జెనీవా ఆమెను చూస్తోంది.

ఇద్దరూ కలిసి పిడి మూసేశారు.  పైన రాబందులు ఇంకా తిరుగుతున్నాయి.

"నువ్విక్కడేం చేస్తున్నావే?" అంది జెనీవా.

"నువ్వేం చేస్తున్నావో ముందు నువ్వు చెప్పు" అంది ఆర్డిస్.

"నా సిలిండర్. నా ఇష్టం."

"అయితే పొద్దున్నే అది బార్లా ఎలా తెరుచుకుంది? నేను నా చేత్తో మూశాను దాన్ని."

ఆర్డిస్ నాలుక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైంది. జెనీవా ఆమెను పైనుంచి కిందిదాకా, కోటుతో సహా చూసింది.

"నువ్వు మూయడమేమిటే. నువ్వొచ్చేసరికే మూసి ఉంది. నేను నీకంటే ముందు లేచి మూశాను."

ఆర్డిస్‌కు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. మొదటిసారి పిడి ఎందుకు కదల్లేదో, రెండోవైపు ఎందుకంత హాయిగా తిరిగిందో ఒక్కొక్కటే బుర్రలోకి దిగింది. తను మూసింది కాదు. తెరిచింది. జెనీవా మూసినదాన్ని తను తెరిచింది. ఆ తర్వాత తను మూసినదాన్ని జెనీవా తెరిచింది. మళ్ళీ తను, మళ్ళీ జెనీవా. లోపల ఇద్దరు మగవాళ్ళు చెంచాలతో, కుంచెలతో ఆ ఘనత కోసం కొట్టుకున్నారు.

"నువ్వెందుకు మూశావు?" అంది ఆర్డిస్.

జెనీవా ఇసుకలో కూలబడింది. స్కార్ఫ్‌తో మొహం తుడుచుకుంది.

"కాఫీ పోస్తే వెళ్ళిపోవాలి కదే" అంది. "వెల్డా గది తయారు చేశానంటుంది. గదికి పరదాలు కుట్టించానంటుంది. పరదాల మీద బాతులట. రాత్రంతా ఆ బాతులే కళ్ళ ముందు. ఒక్క రోజు ఆగుదామనుకున్నాను. తీరా మీవాళ్ళు నా ఫ్రిజ్ కోస్తుంటే భయమేసి తెరుద్దామని వచ్చాను. వచ్చినప్పుడల్లా అది మూసే ఉంది. డ్వేనే జాగ్రత్త కోసం మూస్తున్నాడనుకున్నాను. వాడు చూసేలోగా కంగారుగా ఒక్క తిప్పు తిప్పేసి పరుగెత్తాను."

"గిర్రున తిప్పావా?"

"గిర్రున."

"నేనూ గిర్రునే తిప్పాను. టక్ మంది."

జెనీవా తల పట్టుకుంది. భర్త పోయినప్పటినుంచీ గ్యాస్ పని ఆమె ఒంటరిగా చేసుకుంటోంది. సిలిండర్‌ను ఎప్పుడూ నిదానంగా తెరవాలనీ, తటాలున తెరిస్తే ఎక్కడో గొట్టం తెగిందనుకుని లోపలి అడ్డు టక్ మని పడిపోయి, చుక్క చుక్కగా తప్ప గ్యాస్‌ను వదలదనీ ఊరందరికీ పాఠం చెప్పేది ఆమే. తెరిచి ఉన్నప్పుడు కూడా చిక్కుడు గింజ మంట తప్ప రాకపోవడానికి కారణం సాలెపురుగూ కాదు, పచ్చ పలకా కాదు. ఇద్దరు ముసలమ్మల తొందర.

అప్పుడు నీడ పడింది. నార్బర్ట్ తన కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని వచ్చాడు.

"అయిపోయిందా?" అని అడిగాడు.

"ఏమిటి అయిపోయేది?"

"పొద్దుటినుంచీ చూస్తున్నాను. నువ్వొస్తావు, పోతావు. తనొస్తుంది, పోతుంది. మధ్యలో ఆ డ్వేన్ చప్పట్లు కొట్టించుకుంటాడు. నా కోటు ఇంత పని చేయడం ఎప్పుడూ చూడలేదు."

ఆర్డిస్‌కు ఒళ్ళు మండింది. "చూస్తూ కూర్చున్నావా? ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"ఎవరూ అడగలేదు" అన్నాడు నార్బర్ట్. "పైగా కుర్చీ మంచి చోట పడింది."

ముందు జెనీవాకు నవ్వొచ్చింది. తర్వాత ఆర్డిస్‌కు. ఇసుకలో కూర్చుని, సిలిండర్ మూతను చెరోపక్క పట్టుకుని, ఊపిరాడనంతగా నవ్వారు. గ్యాస్ ఎక్కువ పీల్చేశారేమోనని దూరంగా నిలబడ్డవాళ్ళు హడలిపోయారు.

ట్రైలర్ తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడనిచ్చారు. అలారం అలిసిపోయి ఆగింది. రాబందులు నిరాశపడి వేరే దిక్కుకు వెళ్ళాయి. జెనీవా ఫ్రిజ్ వైపు గొట్టానికి బిరడా బిగించింది. పొయ్యి మీటలన్నీ కట్టేసింది. కాసేపు ఆగి, నిద్రపోయే పసిబిడ్డ గది తలుపు తీసినంత నెమ్మదిగా పిడి తిప్పింది. సబ్బునీళ్ళు కుంచెతో గొట్టాల కీళ్ళన్నిటికీ పూసి, ఎక్కడా బుడగ లేవలేదని చూసుకున్నాక లైటర్ నొక్కింది. పొయ్యి మీద అరచేతంత నీలం పువ్వు విచ్చుకుంది.

ఎల్డన్ దాన్ని చూసి తన సాలెగూడు పోగును జేబులోంచి తీసి, చూశారా అన్నట్టు అందరికీ చూపించాడు. డ్వేన్ తన చెంచా చూపించాడు. ఆడవాళ్ళిద్దరూ ఇద్దరినీ మెచ్చుకున్నారు.

కాఫీ కాగింది. జనం మళ్ళీ కప్పులు పట్టుకుని చేరారు. ఆర్డిస్ చుట్టలు పంచింది. జెనీవా మాత్రం కెటిల్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇది వీడ్కోలు కాఫీ కాదు" అంది. "మామూలు కాఫీ. ఫ్రిజ్ పేగులు ఇసుకలో పెట్టుకుని నేనెక్కడికి పోతాను?"

అది నిజమే. వంగిన రాగి గొట్టం మళ్ళీ పనికొచ్చే స్థితిలో లేదు. బిగించగా డ్వేన్ దగ్గర గుప్పెడు స్క్రూలు మిగిలాయి. అవి ఎక్కడివో అతనికే తెలియదు. కొత్త గొట్టం పట్నంలో లేదు, ఎక్కణ్ణుంచో తెప్పించాలి, అప్పటిదాకా ఆగాల్సిందే అన్నాడు అతను, తల దించుకుని. ఇంత సంతోషంగా క్షమించేవాళ్ళను అతను ఎప్పుడూ చూడలేదు.

ఆ మధ్యాహ్నం జెనీవా చెల్లెలికి ఫోన్ చేసింది. ఆర్డిస్ పక్కనే కూర్చుని పేకముక్కలు కలుపుతున్నట్టు నటిస్తూ ప్రతి మాటా వింది. బండిలో గ్యాస్ చెడిందని జెనీవా చెప్పింది. ఏ భాగం చెడిందని వెల్డా అడిగినట్టుంది.

"ముఖ్యమైన భాగం" అంది జెనీవా.

బాగయ్యాక వచ్చి అమ్మేద్దాంలే అని వెల్డా అంది కాబోలు, జెనీవా గొంతు ఒక్కసారి గంభీరంగా మారింది.

"అమ్మడమేమిటి వెల్డా? లోపం ఉందని తెలిసీ ఇంకొకరికి అంటగడతామా? పొద్దున అలారం ఎలా మోగిందో నువ్వు వినలేదు. రాబందులొచ్చాయి. రేపు కొన్నవాళ్ళకేమైనా అయితే ఆదివారం చర్చిలో ఏ మొహంతో కూర్చుంటావు? లేదు లేదు. ఆ పాపం నువ్వు మొయ్యొద్దు, బండి నేనే ఉంచుకుంటాను. ఎండాకాలం మీ ఇంటికొస్తాను. నవంబర్‌లో దీన్ని మళ్ళీ ఇక్కడికే లాక్కొచ్చి, ఇక్కడివాళ్ళ చేత చూపిస్తాను. ఈ లోపం తెలిసినవాళ్ళు ఇక్కడే ఉన్నారు."

 చివరికి వెల్డా, పరదాల సంగతేమిటని అడిగినట్టుంది.

"పరదాలు ఉంచు. బాతులు ఎక్కడికీ పోవుగా" అంది జెనీవా.

ఫోన్ పెట్టేసి ముక్కలు పంచమంది. ఆ సాయంత్రం ఆర్డిస్ వరసగా ఓడిపోయింది. ఆమె మొహం చూసినవాళ్ళు గెలుస్తోందనుకున్నారు.

కొత్త గొట్టం రావడానికి డ్వేన్ చెప్పినదానికంటే చాలా ఎక్కువ రోజులు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఈలోగా ఎండ ముదిరింది. గుర్రపునాడాలో ఒక్కొక్క మేకూ ఊడినట్టు బండ్లు బయల్దేరాయి. ఒక్కొక్కరూ కాఫీ పోసి, నవంబర్‌లో కలుద్దామని చెప్పి వెళ్ళారు. ఆర్డిస్ ప్రతివారికీ చెయ్యి ఊపింది. అదే మాట తనూ అంది. ఆ మాట అంటూనే, ఎదురుగా ఎర్ర స్కార్ఫ్ ఉందో లేదో ఒకసారి చూసుకునేది.

ఆఖరికి జెనీవా, ఆమె గొట్టం కోసం ఆగిన డ్వేన్ మాత్రమే మిగలగా ఆర్డిస్, నార్బర్ట్‌ల వంతు వచ్చింది. మిన్నెసోటాలో తమ ఊళ్ళో మంచు కరిగిందని కబురొచ్చింది. నార్బర్ట్ చక్రాలు చూసుకున్నాడు, తాళ్ళు బిగించాడు, తెల్లవారగానే కాఫీ పోసి బయల్దేరాలన్నాడు. ఆ రాత్రి ఆర్డిస్‌కు నిద్ర పట్టలేదు.

పొద్దున లేచి కెటిల్ పెట్టి పొయ్యి వెలిగించబోయింది. అంటుకోలేదు. మళ్ళీ నొక్కింది. చిక్కుడు గింజ కూడా రాలేదు.

"ఏమైంది?" అన్నాడు నార్బర్ట్ మంచం మీదినుంచి.

ఆర్డిస్ అతని కోటు తొడుక్కుని బయటికి వెళ్ళింది. ట్రైలర్ ముందు భాగంలో, సిలిండర్ పక్కన, ఇసుకలో చెప్పుల్లేని పాదాల గుర్తులు ఎదురు ట్రైలర్ నుంచి వచ్చి, తిరిగి అటే వెళ్ళాయి. ఎదురు కిటికీలో పరదా కదిలి ఆగిపోయింది.

ఆర్డిస్ ఆ గుర్తుల మీద కాలితో ఇసుక సర్ది, లోపలికొచ్చి, గ్యాస్‌లో ఏదో పెద్ద లోపమే ఉన్నట్టుంది, డ్వేన్‌ను పిలవమని భర్తకు చెప్పింది.